చివరి ఎనిమిది పేజీలు

మైదా పిండిని చన్నీళ్ళలో కలిపి, సన్నని సెగ మీద పెట్టి, గరిటెను ఒకే వైపుకు తిప్పుతోంది ఆమె. వైపు మారిస్తే ఉండ కడుతుంది. తెల్లటి పిండి మెల్లగా చిక్కబడి, మసక అద్దం రంగుకు తిరిగాక, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసింది. జిగురు లేత నీలంగా మారింది. గరిటె పైకెత్తి చూసింది. తెగకుండా తీగలా జారితే దింపేయవచ్చు. ఇంకా తెగుతోంది.

పుస్తకాలు అద్దెకిచ్చే చోట పన్నెండేళ్ళుగా ఆమెది చిరిగినవాటిని బాగుచేసే పని. అక్కడ అందరూ ఆమెను జిగురమ్మ అంటారు. ఇంట్లో కూడా చెల్లెలు సరదా పుడితే అలాగే పిలుస్తుంది.

"జిగురమ్మగారూ, దీనికి చివర లేదు!"

చెల్లెలు కిటికీ గట్టు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, అట్ట ఊడిన లావుపాటి నవలను తిరగేసి చూపిస్తోంది. అక్క బాగుచేయడానికి ఇంటికి తెచ్చే పుస్తకాలను ముందు తను చదవడం చెల్లెలికి అలవాటు. ఈసారి వచ్చింది పాత రాజుల కాలం కథ. పేరు 'చీకటి కోట సేనాని'.

"ఎంత పోయింది?"

"రెండు వందల ఎనభై దగ్గర ఆగిపోయింది. సరిగ్గా వాడు కత్తి కింద పడేసి ఆమె దగ్గరకు వస్తున్నాడు. ఇంత చదివించి ఇలా నడి ఏట్లో వదిలేస్తారా ఎవరైనా?"

"చివరి ఎనిమిది పేజీలు. ఎవరో చింపుకుపోయారు. ఇంకో ప్రతి చూసి చేత్తో రాసి కుట్టాలి. శుక్రవారానికి కావాలట."

"శుక్రవారానికి నేనుంటానో లేదో" అంది చెల్లెలు. ఆ మాటను పేజీ తిప్పినంత తేలిగ్గా అంది.

అక్క గరిటె ఆగింది. మళ్ళీ తిరిగింది.

చెల్లెలికి ఇరవై రెండు. కళ్ళ ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగం దొరికి రెండేళ్ళ క్రితం అక్కాబావలుండే ఈ రెండు గదుల ఇంటికి వచ్చింది. ఆసుపత్రి ఎదురుగా పటాలకు ఫ్రేములు కట్టే షాపులో ఒకతను ఉన్నాడు. నవ్వడు. ఎవరితోనూ మాట్లాడడు. అక్క అతనికి మౌనస్వామి అని పేరు పెట్టింది. మొదట్లో ఇద్దరూ ఆ పేరుకు పగలబడి నవ్వుకునేవారు. ఆరు నెలలుగా చెల్లెలు నవ్వడం లేదు. మౌనస్వామికి వేరే ఊళ్ళో పని కుదిరింది. ఉద్యోగం మానేసి తనతో వచ్చేయమన్నాడు. శుక్రవారం పొద్దున బస్సుకి రాకపోతే ఇంక తన మొహం చూడొద్దన్నాడు.

అక్క పొయ్యి కట్టేసింది. "ఇలా రా. ఈ దారం కొస పట్టుకో, మైనం రుద్దాలి."

చెల్లెలు వచ్చి కొస పట్టుకుంది. చెయ్యి చాపినప్పుడు కుర్తా చెయ్యి పైకి జరిగింది. మణికట్టుకు పైన నాలుగు నీలి మచ్చలు, వరసగా.

"ఏమిటే ఇది?"

చెల్లెలు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "తలుపు తగిలిందని చెప్పనా?"

అక్క మైనం ముక్క పట్టుకుని అలాగే నిలబడింది. తలుపు తగిలింది అన్నది ఇన్నాళ్ళూ తన మాట. పక్కింటివాళ్ళతో, పనిలోవాళ్ళతో, మొదట్లో చెల్లెలితో కూడా ఆ మాటే చెప్పింది.

"నేను అబద్ధం చెప్పనక్కా. అతనే పట్టుకున్నాడు. రానంటానేమోనని భయం. వాళ్ళమ్మ వాణ్ణి ఏడేళ్ళప్పుడు బస్టాండులో కూర్చోబెట్టి ఇప్పుడే వస్తానని వెళ్ళిందట. ఇంతవరకు రాలేదు. ఇది ఎవరికీ చెప్పలేదట. నాకొక్కదానికే చెప్పాడు." ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు మెత్తబడింది. "తర్వాత ఎంత ఏడ్చాడో తెలుసా? ఈ చెయ్యి పట్టుకునే ఏడ్చాడు."

"చిట్టీ, వద్దే."

"ఎందుకు వద్దు?"

"ఈ చెయ్యి చూశాక కూడా అడుగుతావా?"

"నువ్వు బావను వదిలావా?"

ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. నిజంగానే అడిగింది. అక్క దారానికి మైనం రుద్దడం మొదలుపెట్టింది. వేళ్ళ మధ్య దారం సర్రుమంటోంది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని నిలబడ్డారు.

"బావకి అంత కోపం ఎందుకొస్తుందో నువ్వే కదా చెప్పావు" అంది చెల్లెలు. "చిన్నప్పుడు వాళ్ళ నాన్న గోదాములో పెట్టి తలుపేసేవాడని. పాపం, మనిషి లోపల బంగారమని. నువ్వు చెప్పినప్పటినుంచి బావంటే నాకు కోపం రాలేదు."

అవును, చెప్పింది. రెండేళ్ళుగా వంటింట్లో, బట్టలు మడతపెడుతూ, ఎన్నిసార్లో చెప్పింది. దెబ్బ సంగతి దాచి, దెబ్బ తర్వాత అతను ఎలా కుమిలిపోయాడో మాత్రం చెప్పింది. మొదటి పేజీలన్నీ దాచిపెట్టి చెల్లెలికి చివరి పేజీలే చదివి వినిపించింది. అప్పుడు అది భర్త పరువు నిలబెట్టడమనుకుంది.

"దారం వదులు చేశావు, గట్టిగా పట్టుకో" అంది.

*

పుస్తకాల అద్దె షాపు యజమానిని అందరూ అద్దాలాయన అంటారు. ఒక జత కళ్ళకు, ఒక జత నుదుటి మీద ఉంటాయి. బుధవారం ఆమె వెళ్ళేసరికి నుదుటి మీద జతను వెతుక్కుంటున్నాడు.

"పైన చూడండి సార్."

"ఆఁ, ఇదిగో. వచ్చారా జిగురమ్మా. సేనాని ఎలా ఉన్నాడు?"

"చివర ఊడిపోయి ఉన్నాడు."

"అదేనమ్మా ఈ పుస్తకాల జాతకం. వాడు తిట్టినన్నాళ్ళూ, కొట్టినన్నాళ్ళూ పుస్తకం భద్రం. వాడు ఏడ్చాడా, పేజీ మాయం!" అని తన మాటకు తనే నవ్వి, బీరువా తాళం తీసి రెండో ప్రతి ఇచ్చాడు. అది అద్దెకివ్వడు. పోయిన పేజీలు చూసి రాసుకోవడానికే ఉంచుతాడు.

ఆయన హాస్యానికి అన్నా అది నిజమే. ఇలాంటి నవలలు ఎక్కడ విరిగిపోతాయో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. రాతి గుండె రాజో, మొండి సేనానో, అయినవాళ్ళను పోగొట్టుకున్న దొరో, ఎవరైనా సరే. మూడొంతుల పుస్తకం వాడు ఆమెను తోసేస్తాడు, అనుమానిస్తాడు, నలుగురిలో అవమానిస్తాడు. ఆ పేజీలు శుభ్రంగా ఉంటాయి. చివర్లో ఒక చోట మోకాళ్ళ మీద కూలిపోయి తన గాయం విప్పి చెబుతాడు. ఆ పేజీ అంచులు మాత్రం వేళ్ళ జిడ్డుతో గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. కుట్టు అక్కడే తెగుతుంది. పుస్తకాన్ని బల్ల మీద నిలబెట్టి వదిలేస్తే దానంతటదే అక్కడే తెరుచుకుంటుంది.

రెండు ప్రతులనూ పక్కపక్కన పరిచి, ముందు చిరిగిన ప్రతిలో ముప్ఫై మూడో పేజీ తీసింది. అది ఆ షాపు అలవాటు. అట్టలు మారుతుంటాయి, పేర్లు చెరిగిపోతుంటాయి, చదివిందే మళ్ళీ తీసుకెళ్ళి తిట్టుకోకుండా పాఠకులు ముప్ఫై మూడో పేజీ కింద ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకుంటారు. ఒకరిది చుక్క, ఒకరిది గొడుగు, ఒకరిది చేప. గుర్తు ఉందంటే చదివేసినట్టే. కొత్త కాగితం అతికేటప్పుడు ఆ గుర్తులు పోకుండా చూడటం కూడా ఆమె పనే.

ముప్ఫై మూడులో పదిహేను గుర్తులున్నాయి. వాటిలో వెలిసిపోయిన నీలి సిరాతో ఒక అర్ధచంద్రుడు ఉన్నాడు.

అది తన గుర్తు. పెళ్ళికి ముందు ఏడాది పెట్టింది. కథ మర్చిపోయింది కానీ, మరమ్మతుకొచ్చిన పుస్తకాన్ని ఈ బల్ల దగ్గరే పొద్దుటినుంచి చదివి, పని మిగిలిపోయి తిట్లు తిన్న రోజు గుర్తుంది. లోకంలో ఎవరికీ తలవంచనివాడు తన ముందు వంచుతాడు. ఎవరికీ తెరుచుకోని తలుపు తన చేతికి తెరుచుకుంటుంది. అలాంటి చెయ్యి తనకూ ఉందనుకోవడంలో ఎంత గర్వం! ఆ ఏడే వెల్డింగు షాపులో పనిచేసే ఒకతను, ఎవరితోనూ కలవనివాడు, ఆమెకొక్కదానికే గోదాము సంగతి చెప్పాడు. అప్పుడు ఒక్క పూట మూసి ఉంచారన్నాడు. ఇప్పుడది మూడు రోజులైంది.

"ఏమ్మా, శుక్రవారానికి అవుతుందా?" బ్యాంకులో పనిచేసే ఆవిడ లోపలికి వస్తూనే అడిగింది. పుస్తకానికి పేరు రాయించుకున్నది ఈవిడే. "రెండు నెలలుగా ఆ సేనాని కోసం కూర్చున్నా. మా ఆయనైనా నన్నింత కాయించలేదు."

"అవుతుందండీ." ఆమె తల ఎత్తింది. "ఒక మాట అడగనా? వాడు అంత దుర్మార్గంగా ఉంటాడు కదా, మీకు కోపం రాదా?"

"ఎందుకొస్తుంది? మా ఆయనకు కోపమూ లేదు, గాయమూ లేదు. గుర్రుపెట్టి నిద్రపోతాడు. ఆయన్లో చదువుకోవడానికేముంది?"

"నిజంగా అలాంటి మనిషే ఇంటికొస్తే?"

"ఛీ! ఇంటికెందుకమ్మా? అట్ట మూస్తే నోరు మూస్తాడు కాబట్టే కదా వీణ్ణి చదివేది" అని బ్యాంకావిడ ఇంకో పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

జిగురమ్మ గీతలు లేని తెల్ల కాగితాలు మడిచి, కొలతకు కోసి, సిరా కలం తీసింది. ఆమె చేతిరాత అచ్చులా ఉంటుంది. ఊరి బడిలో మేష్టారు ఆమె రాతను గోడకు అంటించేవారు. మొదటి రెండు పేజీలు ఉన్నదున్నట్టు రాసింది. సేనాని కత్తి పడేశాడు. రాకుమారి ముందు మోకరిల్లాడు. కళ్ళెదుటే తల్లిని చంపిన రోజు గురించి చెప్పాడు. "అతని అశ్రువులు ఆమె పాదాలను తడిపినవి. ఆమె ఓరిమి గెలిచినది."

ఆ వాక్యం దగ్గర కలం ఆగింది. అసలు ప్రతిలో తర్వాత పట్టాభిషేకం, పూలవాన. ఆమె దాన్ని మూసేసింది. చెల్లెలు ఎదురుగా కూర్చుంటే నోటికి రాని మాటలు సిరాలోంచి వచ్చాయి.

"ఆ రాత్రి రాకుమారి కూడా సంతోషముతో ఏడ్చినది. తెల్లవారినది. సేనాని నిద్ర లేచి తన ఉత్తరీయము ఏదని అడిగినాడు. జవాబు ఒక్క క్షణము ఆలస్యమైనది. అతని చెయ్యి లేచినది. సాయంత్రము మరల మోకరిల్లినాడు, మరల తల్లి కథ చెప్పినాడు. ఆమె మరల తల నిమిరినది. ఆరు నెలలకు ఆమె, గుర్రపు డెక్కల చప్పుడును బట్టి అతని కోపము కొలవడము నేర్చినది. గాజు పాత్రలు అందని చోట పెట్టడము నేర్చినది. కోటలో అందరూ సేనాని పడిన బాధ గురించి చెప్పుకొని కన్నీరు పెట్టిరి. రాకుమారి సంగతి ఎవ్వరూ అడగలేదు. ఆమె కథలో చెప్పుకోదగిన గతము ఏదీ లేదు."

ఎనిమిది పేజీలు నిండేదాకా రాసింది. రాజుల కాలపు మాటలు సగం నుంచి జారిపోయి మామూలు మాటలయ్యాయి. చదువుకుని చూస్తే భయమేసింది, తేలిగ్గానూ అనిపించింది. చెల్లెలు ఒక్కతే చదవాలి. తర్వాత ఈ కాగితాలు తీసేసి అసలువి రాసి కుట్టవచ్చు. అద్దాలాయనకు తెలియదు, ఎవరికీ తెలియదు. గురువారం సాయంత్రం చెల్లెలు చదివితే శుక్రవారం బస్సు వెళ్ళిపోతుంది. ఆమె లెక్క అంతే.

*

గురువారం చెల్లెలు ఆసుపత్రి నుంచి ఆలస్యంగా వస్తుందని కబురు చేసింది. అక్క తను రాసిన కాగితాలను పుస్తకం చివర వదులుగా పెట్టి, చెల్లెలు కూర్చునే కిటికీ గట్టు మీద ఉంచి, వేరే పుస్తకానికి జిగురు రాస్తూ కూర్చుంది.

వీధిలో బండి స్టాండు వేసిన చప్పుడైంది. భర్త మెల్లగానే వేశాడు. ఆమె భుజాలు కొంచెం దిగాయి. అయినా లేచి, దగ్గరి అలమరలో ఉన్న గాజు గ్లాసులను మోచేతులతోనే వెనక్కి జరిపింది.

అతను బూట్లు విప్పి, మొహం కడుక్కుని, టీ అడగకుండానే కిటికీ గట్టు దగ్గర నిలబడ్డాడు. పుస్తకం తీశాడు. అతను ఎప్పుడూ పుస్తకం ముట్టడు. చేతిరాత కనిపించి ముట్టాడు.

"ఇది నీ రాతేనా?"

"షాపు పని. అక్కడ పెట్టేయండి, తడిగా ఉంది."

"ఆరిపోయింది." అతను కూర్చుని, అక్షరం కింద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. చిన్నగా పెదవులు కదులుతున్నాయి. ఆమెకు అతని వేలే కనిపిస్తోంది. వెల్డింగు నిప్పురవ్వలకు కాలిన మచ్చల వేలు. మొదటి పేజీ. రెండో పేజీ. ఉత్తరీయం దగ్గర ఆగింది. గుర్రపు డెక్కల దగ్గర ఆగింది. గాజు పాత్రల దగ్గర చాలాసేపు ఆగింది. అతను తల తిప్పి అలమర వైపు చూశాడు.

ఆమె జిగురు చేతులను ఒళ్ళో పెట్టుకోలేక, బల్ల మీద పెట్టలేక, అరచేతులు పైకి పెట్టుకుని ఎదురుచూసింది. దెబ్బ ఏ వైపు నుంచి వస్తుందో ఆమె ఒంటికి తెలుసు. ఎడమ భుజం దానంతటదే కొంచెం పైకి లేచింది.

దెబ్బ రాలేదు. అతను పుస్తకం పక్కన పెట్టి, లేచి, ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. కూర్చోవడం కాదు, కూలబడ్డాడు. తల ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నన్నే రాశావు" అన్నాడు. "ఇంత పశువునా నేను? చెప్పు, ఇంత పశువునా?"

ఆమె జిగురు చేతులను పైకెత్తింది.

"నాలుగు రోజులు ఉంచాడు గోదాములో. నీళ్ళు కూడా లేవు. తలుపు సందులోంచి వెలుగు వస్తే దాని దగ్గర మొహం పెట్టి పడుకునేవాణ్ణి. నీకు తప్ప ఎవరికి చెప్పాను? నువ్వే ఇలా రాస్తే నేనెక్కడికి పోవాలి?" వీపు ఎగసి ఎగసి పడుతోంది. నిజంగా ఏడుస్తున్నాడు. పదకొండేళ్ళుగా ప్రతిసారీ నిజంగానే ఏడ్చాడు.

ఆమె చేతులు గాలిలోనే ఉన్నాయి. అతని జుట్టుకు తగలకుండా ఎత్తి పట్టుకుంది. నాలుగు రోజులైందన్నమాట, అనుకుంది.

గుమ్మంలో చెల్లెలు ఉంది. ఎప్పుడొచ్చిందో, చెప్పులు చేతిలో పట్టుకునే నిలబడిపోయింది. దీపం వెలుగు ఆమె మొహం మీద పడుతోంది. ఆ మొహాన్ని అక్క ఎప్పుడో చూసింది. అద్దెషాపు బల్ల దగ్గర, చివరి పేజీల మీదికి వంగి, పెదవి కొరుక్కుంటూ కూర్చునే ఆడపిల్లల మొహం అది. ఒకప్పటి తన మొహం.

చెల్లెలు చెప్పులు వదిలి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి అతని పక్కన కూర్చుంది. "బావా, తాగండి. ఏడవకండి బావా."

అతను తల ఎత్తకుండానే గ్లాసు అందుకున్నాడు. తాగి, ఎవరి వైపూ చూడకుండా లోపలి గదిలోకి వెళ్ళాడు.

చెల్లెలు అక్క వైపు తిరిగింది. గొంతు తగ్గించి అడిగింది. "మనిషి అంతలా ఏడుస్తుంటే చేతులు గాల్లో పెట్టుకుని కూర్చున్నావేంటక్కా?"

"జిగురుందే చేతులకి."

"కడుక్కోవచ్చుగా."

అక్క తన చేతుల వైపు చూసుకుంది. జిగురు ఆరి, చర్మం బిగుసుకుపోయి ఉంది.

చెల్లెలు కిటికీ దగ్గరకు వెళ్ళి ఎనిమిది పేజీలూ నిలబడే చదివింది. చదువుతున్నంతసేపూ ఆమె మొహంలో ఏదైనా మారుతుందేమోనని అక్క చూస్తూనే ఉంది. చివరి కాగితం తిప్పి, వెనకాల ఇంకేమైనా ఉందేమోనని చూసింది చెల్లెలు.

"అసలు పుస్తకంలో ఇలా ఉండదు కదూ?"

"ఉండదు."

"నా కోసమే రాశావు."

"అవునే. నిజమే రాశాను. ఒక్క ముక్క కూడా కల్పించలేదు చిట్టీ. కోట ఒక్కటే అబద్ధం."

"నిజమే కావచ్చు." చెల్లెలు కాగితాలను అంచులు కలిపి, జాగ్రత్తగా, నొప్పి కలగకూడదన్నట్టు బల్ల మీద పెట్టింది. "కానీ ఇది చదివి బావ మోకాళ్ళ మీద పడ్డాడు. నా కళ్ళతో చూశాను. ఎవరో ఒకరు ముందే ఇంత గట్టిగా చెప్పి ఉంటే మారేవాడేమో. నువ్వు పదకొండేళ్ళు నోరు మూసుకున్నావు. నేను మూసుకోను. అదే తేడా."

"నేనూ అదే అనుకున్నానే" అంది అక్క. చెల్లెలు అప్పటికే స్నానాల గది తలుపు వేసుకుంది.

*

శుక్రవారం తెల్లవారగానే అతను వీపున సంచి వేసుకుని పనికి వెళ్ళాడు. టీ ఎందుకు చల్లారిందని వెళ్ళేముందు గ్లాసును తొట్టిలోకి విసిరాడు. పగల్లేదు. ఆమె రాత్రే స్టీలు గ్లాసు తీసి పెట్టింది.

బ్యాంకావిడ పదింటికి షాపుకు వస్తుంది. జిగురమ్మ బల్ల దగ్గర కూర్చుని, తన ఎనిమిది పేజీలను పొయ్యి పక్కన పెట్టి, కొత్త కాగితం తీసి, షాపు నుంచి తెచ్చుకున్న రెండో ప్రతి చూసి అసలు ముగింపును అక్షరం పొల్లుపోకుండా రాసింది. అశ్రువులు పాదాలను తడిపినవి. ఓరిమి గెలిచినది. పట్టాభిషేకం, పూలవాన. చేతిరాత ఎప్పటిలాగే అచ్చులా వచ్చింది. సిరా ఆరాక మడిచి, మైనం దారంతో కుట్టింది. వెన్నుకు గుడ్డ పట్టీ వేసి, జిగురు రాసి, బిగించే ముందు చివరిసారి ముప్ఫై మూడో పేజీ తీసి గుర్తులన్నీ ఉన్నాయా అని చూసింది.

పదహారు ఉన్నాయి.

వెలిసిన అర్ధచంద్రుడి కింద, కొత్త సిరాతో, చిన్న ఫ్రేము గీసి ఉంది. నాలుగు గీతల చతురస్రం. లోపల ఏ బొమ్మా లేదు. చదివేశాను, మళ్ళీ ఇవ్వక్కర్లేదు అని చెల్లెలు చెప్పినట్టు.

ఆమె పుస్తకం మూసి, రెండు అరచేతుల మధ్య వెన్నును నొక్కి పట్టుకుంది. రెండు వందలు లెక్కపెట్టేదాకా చేతులు తీయకూడదు. ముందే తీస్తే వెన్ను వంకర పోతుంది, మళ్ళీ ఎప్పటికీ సరికాదు. పనిలో చేరిన మొదటి రోజు అద్దాలాయన నేర్పింది అదే.

లోపలి గదిలో జిప్పు లాగిన చప్పుడు. యాభై రెండు, యాభై మూడు. అలమర తలుపు. చెల్లెలు భుజాన సంచి వేసుకుని బయటికి వచ్చింది. పొడుగు చేతుల కుర్తా వేసుకుంది, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకుంది. బల్ల పక్కనుంచి రెండడుగుల దూరంలో నడిచింది. లేచి చెయ్యి పట్టుకుంటే అందుతుంది. ఎంత మెత్తగా పట్టుకున్నా ఆ మచ్చల మీదే పడతాయి తన వేళ్ళు.

తొంభై. తొంభై ఒకటి.

చెల్లెలు గుమ్మంలో ఆగి చెప్పులు వేసుకుంది. వేసుకుంటూ ఒకసారి తల తిప్పి అక్క చేతుల వైపు చూసింది, మొహం వైపు కాదు. గడియ తీసింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి దిగి, వీధి చప్పుడులో కలిసిపోయింది.

ఎక్కడిదాకా వచ్చిందో లెక్క తప్పింది. చేతులు తీయకుండా, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.